ఎల్బీనగర్ మజిలీ



ఈ ప్రసంగం చదవడానికి ఇవాళ నేను ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అసెంబ్లీ స్టేషన్‌లో దిగి, ఆకాశవాణి దాకా నడిచి వచ్చాను. మధ్యలో పది స్టేషన్లు. ఎక్కేటప్పుడు పెట్టె ఖాళీ. మూలసీటు చూసుకుని కూర్చున్నాను. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి నిలబడడానికి కూడా జనం చోటు వెతుక్కుంటున్నారు. రైలు మొదలయ్యే చోట ఇల్లున్నవాళ్ళకు ఈ సుఖం రోజూ దక్కుతుంది.

అయితే ఆ స్టేషన్‌తో నా పరిచయం ఖాళీ సీట్ల వల్ల కలిగింది కాదు. మేం ఉండేది వనస్థలిపురంలో. మా ఊరు సూర్యాపేట దాటాక, పెద్దరోడ్డు వదిలి లోపలికి వెళ్ళాలి. ఊరి నుంచి ఎవరు పట్నం వచ్చినా ఎదురెళ్ళి దించుకునేది నేనే. వాళ్ళు వచ్చేది పెళ్ళికైతే పగలు వస్తారు. ఆసుపత్రికైతే తెల్లవారుజామున వస్తారు. ఓపీ చీటీ వరసలో ముందుండాలి కదా. అలా ఎన్నో తెల్లవారుజాములు నేను ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ కింద గడిపాను. ఇవాళ మీతో పంచుకోవాలనుకున్నది ఆ తెల్లవారుజాముల సంగతి.

నాలుగున్నరకు ఆ చోటు ఎలా ఉంటుందో చెబుతాను. విజయవాడ రోడ్డు హయత్‌నగర్, ఆటోనగర్, వనస్థలిపురం, చింతలకుంట దాటుకుని వచ్చి ఎల్బీనగర్ కూడలిలో నగరాన్ని తాకుతుంది. ఖమ్మం, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ బస్సులు, ఇంకా దూరం నుంచి విజయవాడ, గుంటూరు, రాజమండ్రి బస్సులు, రాత్రంతా నడిచి అలిసిపోయినట్టు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతాయి. బస్సు పూర్తిగా నిలవకముందే క్లీనర్ తలుపు మీద అరచేత్తో కొడుతూ ‘ఎల్బీనగర్, ఎల్బీనగర్’ అంటాడు. నిద్రకళ్ళతో జనం దిగుతారు. ఒకరి నెత్తిన బియ్యం మూట. ఒకరి భుజం మీద నిద్రపోతున్న పిల్ల. ఒకరి చేతిలో ఎక్స్‌రే కవరు. ఆ కవరును సంచిలో దాచడం కుదరదు, మడిస్తే పాడవుతుంది. అందుకని పెళ్ళిపత్రికలా రెండు చేతుల్తో పట్టుకుని దిగుతారు. ఆ కవరును బట్టి ఎవరు ఎందుకొచ్చారో దూరం నుంచే తెలిసిపోతుంది.

దిగినవాళ్ళ చుట్టూ ఆటోవాళ్ళు మూగుతారు. ‘కోఠి, కోఠి’, ‘ఉప్పల్, ఉప్పల్’. ఇడ్లీబండి మీద పొయ్యి అప్పుడే అంటుకుంటుంది. టీకొట్టు దగ్గర తాపీ, పార, రంగు డబ్బాలతో కూలీలు మేస్త్రీ కోసం చూస్తుంటారు. వీళ్ళందరి నెత్తిమీద, కాంక్రీటు స్తంభాలు మోస్తూ, స్టేషన్ ఉంటుంది. పైన దీపాలు వెలుగుతుంటాయి. కింద మెట్ల దగ్గర షట్టరు దించి ఉంటుంది. మొదటి రైలు పొద్దున 6 గంటలకు.

రెండేళ్ళ కిందట మా మేనత్త అలాగే ఒక తెల్లవారుజామున దిగింది. గుండె డాక్టరుకు చూపించాలి. ఎప్పుడూ పొలం గట్ల మీద నడిచిన మనిషి, రోడ్డు దాటడానికి నా చెయ్యి పట్టుకుంది.

‘నిద్ర పట్టిందా అత్తా బస్సుల?’ అన్నాను.

‘యాడ నిద్ర బిడ్డా. కూసున్న కాడ్నే ఇంత కునుకు తీసిన. రైలు యాడ?’

పైకి చూపించాను. తల పూర్తిగా వెనక్కి వంచి చూసింది.

‘ఇంత పొద్దుగాల్నే నడుస్తదా?’

‘ఆరింటికి నడుస్తది.’

‘ఇప్పుడెంతయింది?’

‘ఐదు కూడా కాలే.’

అత్త మారు మాట్లాడకుండా మెట్టు మీద కొంగు పరుచుకుని కూర్చుంది. పక్కన అప్పటికే ఇరవై ముప్పై మంది ఉన్నారు, మూటలు ఒళ్ళో పెట్టుకుని. ఆమెకు నీళ్ళ సీసా ఇచ్చాను. వద్దంది. రాత్రి నుంచీ తాగలేదట. ఎందుకని అడిగితే జవాబు చెప్పలేదు. నీళ్ళు తాగితే తర్వాత ఎక్కడికి వెళ్ళాలో ఆమెకు తెలియదు. ఆ చీకట్లో, ఆ రోడ్డు మీద, ఒక ఆడమనిషిని ఎక్కడికి తీసుకెళ్ళాలో నాకూ తెలియదు. ఆ సంగతి నాకు అర్థమయ్యేసరికి చాలా సేపు పట్టింది. ఇంతకుముందు ఎంతమందిని ఇలా తీసుకెళ్ళానో, వాళ్ళలో ఎంతమంది ఇలా దాహంతో కూర్చున్నారో అని అప్పుడు తలుచుకున్నాను.

కాసేపటికి అత్త తనలో తను అనుకుంటున్నట్టు, ‘మనూర్ల అయితే ఎవరింటి అరుగు మీదనో కూసుందుము’ అంది.

అరుగు. ఆ మాట అప్పటి నుంచీ నన్ను వదలలేదు. ఊళ్ళో అరుగు ఇంటివాళ్ళది, కానీ ఇంటివాళ్ళ కోసం కట్టింది కాదు. తలుపు మూసే ఉంటుంది, యజమాని నిద్రలోనే ఉంటాడు. వచ్చినవాడు మాత్రం కూర్చుంటాడు. ఎవరినీ అడగనక్కర్లేదు.

రైలు నడిపేవాళ్ళ మీద ఫిర్యాదుగా ఈ మాట చెప్పడం లేదు. మెట్రోకు రాత్రి కావాలి. పగలంతా పట్టాల పైన తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. అది ఆపితేనే మనుషులు ఆ వంతెన ఎక్కి పట్టాలు చూడగలరు, మరలు బిగించగలరు, తీగ సరిచేయగలరు. మియాపూర్ డిపోలో రైళ్ళను కడుగుతారు, చక్రాలూ బ్రేకులూ పరీక్షిస్తారు. ఇందులో ఏ పని వదిలేసినా మర్నాడు వేలమంది ప్రాణాలతో చెలగాటం. కాబట్టి రైలు ఆరింటికే రానివ్వండి. హైవే గడియారం ఒకటి, మెట్రో గడియారం ఒకటి. నేను బాధపడేది వాటి మధ్య పడిపోయిన ఆ గంటా గంటన్నర గురించే.

ఆ రోజు షట్టరు పైకి లేవగానే జనం ఒక్కసారిగా లేచారు. ఎస్కలేటరు దగ్గర అత్త ఆగిపోయింది. చీరకుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, కదిలిపోతున్న మెట్లను చూస్తూ, ఏరు దాటేవాళ్ళు ఎక్కడ కాలు పెట్టాలా అని చూసినట్టు చూసింది. వెనకున్న కుర్రాడొకడు ‘అమ్మా, అటు లిఫ్టున్నది’ అన్నాడు. లిఫ్టులో వెళ్ళాం. పైన సంచుల తనిఖీ. సద్దిడబ్బా, మందుల కవరు, పాత రిపోర్టులు ఆ నల్ల పెట్టెలోకి వెళ్ళి అవతల వచ్చేదాకా అత్త కళ్ళార్పలేదు. టికెట్ తీసుకుంటుంటే అడిగింది: ‘ఆధార్ కార్డు చూపిస్తే నడువదా?’

ఆమె అడిగిందాంట్లో తప్పేముంది? 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. ఊరి నుంచి ఎల్బీనగర్ దాకా ఆమెకు రూపాయి ఖర్చు కాలేదు. అక్కడి నుంచి రైలుకు మాత్రం డబ్బు కట్టాలి. సిటీ బస్సెక్కితే అదీ ఉచితమే, కానీ ఆఫీసుల వేళకు చాదర్‌ఘాట్, కోఠి దాటడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. డబ్బా, సమయమా అన్న లెక్క పేదవాళ్ళు రోజూ వేసుకుంటారు. ఆసుపత్రికి వెళ్ళే రోజు మాత్రం సమయం వైపే మొగ్గుతారు.

ప్లాట్‌ఫాం మీద రైలు నిలబడి ఉంది. అటు చివర నుంచి రైలు నడిపే అమ్మాయి బ్యాగు భుజాన వేసుకుని నడుచుకుంటూ ఇటు చివరకు వచ్చింది. అత్త చూస్తూనే ఉంది. ‘ఇందాక తోకున్న కాడ ఇప్పుడు తలకాయొచ్చె’ అంది. టెర్మినస్ అంటే ఏమిటో నేను పది వాక్యాల్లో చెప్పలేనిది ఆమె ఒక్క మాటలో చెప్పింది. ఇక్కడ ఇంజను విప్పి తిప్పి తగిలించే పని లేదు. రెండు కొసలా నడిపే గది ఉంటుంది. మూడు పెట్టెల బండి వచ్చిన ముఖానే వెనక్కి వెళ్ళిపోతుంది.

ఈ దారికి అధికారికంగా రెడ్ లైన్ అని పేరు. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. నా లెక్కలో మాత్రం ఇది ఆసుపత్రుల దారి. ఒకసారి వరసగా చూడండి. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగితే మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి దగ్గరే. అక్కడే గ్రీన్ లైన్ మారితే గాంధీ ఆసుపత్రి పేరుతోనే స్టేషన్ ఉంది. లక్డీకాపూల్‌లో దిగి రెడ్‌హిల్స్ వైపు వెళ్తే పిల్లల కోసం నీలోఫర్, క్యాన్సర్‌కు ఎంఎన్‌జే. పంజాగుట్ట దగ్గర నిమ్స్. తర్వాత ఈఎస్ఐ ఆసుపత్రి, దానికీ స్టేషన్ ఉంది. ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి, మానసిక వ్యాధుల ఆసుపత్రి. ఎల్బీనగర్‌కు ఒక్క స్టేషన్ అవతల, విక్టోరియా మెమోరియల్ దగ్గర, ఒకప్పుడు కొత్తపేట పండ్ల మార్కెట్ ఉండేది. వేసవిలో బస్సు అటు తిరగగానే మామిడిపళ్ళ వాసన వచ్చేది, ఊరి నుంచి వచ్చినవాళ్ళు కిటికీలోంచి తల బయటపెట్టేవారు. ఆ మార్కెట్ ఖాళీ చేసిన స్థలంలో కూడా 2022లో పెద్దాసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

ఈ దారి గీసినవాళ్ళు ఆసుపత్రులను తలుచుకుని గీశారో లేదో గానీ, నగరంలో రద్దీ రోడ్ల వెంట గీస్తే అలా కుదిరింది. కుదిరిన తర్వాత దాని బాధ్యత కూడా మన మీద పడుతుంది. తూర్పు జిల్లాల జబ్బు మనిషికి హైదరాబాద్ గడప ఎల్బీనగరే.

కొత్తగా వచ్చిన స్టేషనేమీ కాదిది. 2017 నవంబరులో నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా మెట్రో మొదలైనప్పుడు మా వైపు ఇంకా స్తంభాలు, దుమ్మే. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా 16 కిలోమీటర్లు తెరిచారు. ఆ వారం మా కాలనీలో ముసలివాళ్ళు పని లేకపోయినా అమీర్‌పేట వెళ్ళి వచ్చారు. నేనూ మా పిల్లల్ని తీసుకెళ్ళాను. మలక్‌పేట దగ్గర మెట్రో పక్కనే కింద మామూలు రైలుపట్టాలు కనిపించాయి, మా చిన్నవాడు రెండు రైళ్ళలో ఏది గెలుస్తుందని అడిగాడు. అంత సంతోషంగా ఉన్నాం. 2007లో హైదరాబాద్‌లో కలిసేదాకా ఎల్బీనగర్ వేరే మున్సిపాలిటీ. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఊరు. అక్కడ ఇల్లు కట్టుకున్నవాణ్ణి ‘ఊరవతల ఉంటున్నావా’ అని చుట్టాలు అడిగేవారు. రైలు వచ్చాక ఆ మాట అనడం మానేశారు.

రైలు కంటే చాలా పాతది ఈ రోడ్డు. ఇప్పుడు ఎన్‌హెచ్ 65 అంటున్నాం, పెద్దవాళ్ళ నోట ఇంకా తొమ్మిదో నంబరు రోడ్డే. పుణె నుంచి బయలుదేరి మచిలీపట్నంలో ముగుస్తుంది. మియాపూర్ కూడా ఈ రహదారి మీదే ఉంది, అంటే రెడ్ లైన్ రెండు కొసలూ ఒకే రోడ్డును పట్టుకుని ఉన్నాయి. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకూ మచిలీపట్నం రేవుకూ మధ్య బండ్లు నడిచింది ఈ వైపే. వజ్రాలు అటు వెళ్ళేవి, విదేశీ వర్తకులు ఇటు వచ్చేవారు. 17వ శతాబ్దంలో ఆ దారిన వెళ్ళిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, గోల్కొండ వదిలాక మొదటి మజిలీలో బాటసారుల కోసం కట్టిన చక్కని ఇళ్ళ గురించి రాశాడు. బీద బాటసారులకు అక్కడ రొట్టె, అన్నం, వండిన కూరలు పెట్టేవారట. పరుల చేతి వంట తినని వాళ్ళుంటే వాళ్ళకు పిండి, కాస్త వెన్న ఇచ్చేవారట. వాళ్ళ ఆచారం చెడకుండా వాళ్ళే రొట్టె చేసుకోవడానికి. ఈ వివరం చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. వచ్చినవాడు ఎవరో తెలియదు, ఏ కులమో తెలియదు, మళ్ళీ కనిపించడు. అయినా వాడికి ఏం కావాలో ముందే ఆలోచించి పెట్టారు.

ఎల్బీనగర్ నుంచి ఆ రోడ్డు మీదే కొన్ని కిలోమీటర్లు వెళ్తే హయత్‌నగర్. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి, హయత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు. జనం ఆమెను మా సాహెబా అనేవారు. నగరంలో మాసబ్‌ట్యాంక్ అన్నది ఆమె పేరే. హయత్‌నగర్‌లో ఆమె పేరుతో ఉన్న మసీదు చుట్టూ పెద్ద ఆవరణ, ఆవరణ వెంట వరసగా కమానుల గదులు. అది సరాయి. బండ్లు విప్పి, ఎద్దులకు నీళ్ళు పెట్టి, రాత్రి పడుకుని, తెల్లారాక నగరంలోకి వెళ్ళేవారు. దగ్గర్లో పెద్ద బావి కూడా ఉంది. నేను రెండుసార్లు వెళ్ళి చూశాను. ఒక గదిలో నిలబడి చూస్తే మనిషి కాళ్ళు చాపుకోవడానికి ఎంత కావాలో అంతే ఉంది. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు కూడా.

మనకు మజిలీ అన్న మాట ఎంత అందంగా స్థిరపడిందో చూడండి. ఉర్దూలోంచి వచ్చినా మనదే అయిపోయింది. మధిర సుబ్బన్న దీక్షితులు గారు కాశీమజిలీ కథలు రాస్తే తెలుగు పల్లెలు తరాల తరబడి చదువుకున్నాయి. ఆ కథలన్నీ నడుస్తూ చెప్పినవి కావు. నడక ఆపి, వంట చేసుకుని, చెట్టు కిందో సత్రంలోనో నడుం వాల్చినప్పుడు చెప్పినవి. ఆగడానికి తగిన చోటుంటేనే ప్రయాణం కథ అవుతుంది. టెర్మినస్ అన్న మాటకు మనవాళ్ళు చివరి స్టేషన్ అంటున్నారు, పత్రికల్లో అంతిమ స్టేషన్ అని కూడా చూశాను. నేను మజిలీ అనే అంటాను.

మన మెట్రోలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. గ్రీన్ లైన్ చిన్నది, 11 కిలోమీటర్లు. 2020 ఫిబ్రవరిలో మొదలైంది. దానికి ఒక కొసన జూబ్లీ బస్ స్టేషన్, ఇంకో కొసన మహాత్మాగాంధీ బస్ స్టేషన్. కరీంనగర్ నుంచి వచ్చినవాడు జేబీఎస్‌లో దిగితే బస్‌స్టాండులో బల్ల ఉంటుంది, పంపు ఉంటుంది, మరుగుదొడ్డి ఉంటుంది. రైలు ఆలస్యమైనా కూర్చోవచ్చు. ఎల్బీనగర్ స్టేషన్ కింద బస్‌స్టాండు లేదు. రోడ్డే బస్‌స్టాండు. ఆర్టీసీ బస్సు ఎంజీబీఎస్ దాకా వెళ్తుంది కదా, అక్కడే దిగొచ్చు కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. నిజమే. నేనూ కొందరికి అదే చెబుతాను. కానీ రాత్రి బయలుదేరిన ప్రైవేటు బస్సుల్లో, ఊరి జీపుల్లో, కూరగాయల వ్యానులో ముందు సీటు అడుక్కుని వచ్చినవాళ్ళను ఎల్బీనగర్‌లోనే దింపేస్తారు. చుట్టాలిళ్ళు ఈ వైపు ఉన్నవాళ్ళు ఇక్కడే దిగుతారు. పగలైతే చాదర్‌ఘాట్ ఇరుకులో బస్సు మీద కంటే నెత్తిమీది రైలు మేలని కండక్టరే చెప్పి దింపుతాడు.

సంక్రాంతి ముందు చూడాలి ఆ చోటును. ఎంజీబీఎస్ మీద బరువు తగ్గించడానికి విజయవాడ వైపు వెళ్ళే అదనపు బస్సులను ఎల్బీనగర్ నుంచి కూడా నడుపుతారు. భోగికి రెండు రోజుల ముందు నుంచి మెట్రో దిగే ప్రతి మనిషి చేతిలో పెట్టె. మెట్లు దిగుతూనే ‘కోదాడ ఉందా, ఖమ్మం ఉందా’ అని అడగడం. పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లని వార్తల్లో చూపిస్తారు. ఆ బారులు మొదలయ్యేది ఇక్కడి నుంచి. ఆ మూడు రోజులూ పోలీసులు, ఆర్టీసీ సిబ్బంది, మెట్రో ఉద్యోగులు పడే శ్రమ నేను కళ్ళారా చూశాను. తాత్కాలికంగా టెంట్లు వేస్తారు, నీళ్ళు పెడతారు, మైకులో బస్సుల వివరాలు చెబుతారు. పండుగకు మూడు రోజులు చేయగలిగినది మామూలు రోజుల్లో కూడా చేయవచ్చని నాకు ధైర్యం కలిగేది అప్పుడే.

నేను కోరుకునేది పెద్ద కట్టడం కాదు. రైలెక్కే భాగం మూసి ఉండనివ్వండి, దానికి కాపలా కావాలి, తనిఖీ కావాలి. మెట్ల కింద మాత్రం ఒక గది, నాలుగింటికి తెరిచేది. గోడ వెంట అరుగు, అచ్చంగా అరుగే, ముసలివాళ్ళు కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునేంత వెడల్పు. తాగడానికి నీళ్ళు. ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి, లోపల దీపం, తలుపుకు గడియ. పాలిచ్చే తల్లికి ఒక మూల. గోడమీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు: ఏ ఆసుపత్రికి ఏ స్టేషన్‌లో దిగాలో, మొదటి రైలు ఎప్పుడో. చదువు రానివాళ్ళ కోసం పక్కన బొమ్మ. ఒక మనిషి, అడిగితే చెప్పేవాడు. రైలులో స్టేషన్ల పేర్లు తెలుగులో వినిపిస్తుంటే మా అత్త ముఖంలో కనిపించిన నెమ్మది నాకు గుర్తుంది. తెలిసిన మాట చెవిన పడితే సగం భయం పోతుంది. ఆ మాట రైలెక్కాక కాదు, బస్సు దిగగానే వినిపించాలి.

ఇది ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, ఎల్బీనగర్ ఎల్లకాలం చివరి స్టేషన్‌గా ఉండబోదు. మెట్రో రెండో దశ ప్రణాళికలో ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా 7.1 కిలోమీటర్ల పొడిగింపు ఉంది. నాగోలు నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి వేయాలనుకుంటున్న దారి కూడా ఎల్బీనగర్ మీదుగానే వెళ్తుంది. అది కుదిరిన రోజున ఎల్బీనగర్ కూడలి అవుతుంది, మజిలీ హయత్‌నగర్‌కు మారుతుంది. మా సాహెబా సరాయి ఉన్న ఊరికే మళ్ళీ వెళ్తుందన్నమాట. స్తంభాలు లేచాక వాటి కింద గది ఇరికించడం కష్టం. గీత కాగితం మీద ఉన్నప్పుడే అరుగుకు చోటు వదలడం తేలిక. ఇంజనీర్లు, అధికారులు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే ఒక్క విన్నపం. హయత్‌నగర్ స్టేషన్ పటం గీసే ముందు ఒకసారి ఆ మసీదు ఆవరణకు వెళ్ళి, ఆ గదుల్లో ఒకదాని గడప మీద ఐదు నిమిషాలు కూర్చుని రండి. వీలైతే తెల్లవారుజామున వెళ్ళండి.

ఆ రోజు సంగతి చెప్పడం మరిచాను. అత్తను డాక్టరు చూశారు. మందులు రాశారు, నెల తర్వాత రమ్మన్నారు. సాయంత్రం మళ్ళీ రైల్లో వచ్చాం. జనంలో ఒక పిల్ల లేచి ఆమెకు సీటిచ్చింది. ఎల్బీనగర్ వచ్చేసరికి అందరూ దిగిపోయి పెట్టె ఖాళీ అయింది. అత్త కాసేపు అలాగే కూర్చుంది, దిగాలని లేనట్టు.

కిందికి వచ్చి సూర్యాపేట బస్సు కోసం నిలబడ్డాం. అప్పటికి ఆమె నీళ్ళు తాగింది, సీసా మొత్తం. ఊరి నుంచి ఫోను వచ్చింది. పక్కింటి ఆమె, మనవణ్ణి నీలోఫర్‌కు తీసుకురావాలట, దారి ఎట్లాగని అడుగుతోంది. అత్త గొంతు పెంచి చెప్పడం మొదలుపెట్టింది.

‘ఎల్బీనగర్ల దిగు. నాలుగ్గొట్టంగ రాకు, ఆరింటిదాంక తెరువరు. కదిలే మెట్లుంటయి, అటు పోకు, పక్కన లిఫ్టున్నది. పోరన్ని సంకల పెట్టుకో. సంచులన్ని పెట్టెల ఏయమంటరు, భయపడకు, అటు దిక్కు వస్తయి. లక్డీకాపూల్ అని తెలుగుల్నే చెప్తది, ఇనుకుంట కూసో. నీళ్ళు తాగకుండ రాకే, నేను ఆగమైన. మావోడుంటడు ఈడ, నేను చెప్త, వచ్చి నిలబడ్తడు.’

నెల తిరగకముందే ఒక తెల్లవారుజామున నేను వెళ్ళి నిలబడ్డాను.